చలిలో కిటికీ తెరిచిన కథ

స్టుట్‌గార్ట్,
జనవరి 18

ఒరే శీనూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకునే ఉంటావు. రెండు ఆదివారాలుగా బీరువా వెనక గోడకు పట్టిన నల్ల బూజు కడుగుతున్నానురా!

తప్పు నాదే. ఇక్కడి కిటికీల పిడి పైకి తిప్పితే పైభాగం మాత్రం కాస్త లోపలికి ఒరుగుతుంది. పోపు ఘాటు పోతుందని నవంబరు నుంచి రాత్రింబవళ్లు అలాగే ఉంచేశాను. కింద గదిని వేడిచేసే రేడియేటర్ పాపం తన పని తాను చేస్తూనే ఉంది. ఆ సందులోంచి గాలి మారేది కొంచెమే, చుట్టూ గోడ మాత్రం చల్లబడిపోతుంది. అన్నం ఆవిరి, సాంబారు ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి అంతా వెళ్లి ఆ గోడ మీదే చేరింది.

పై అంతస్తు పెద్దావిడ చూసి తల పట్టుకుంది. 'స్టోస్‌లుఫ్టెన్' (కాసేపు అన్నీ బార్లా తెరిచి గాలి మార్చడాన్ని జర్మన్‌లో అలా అంటారు) అంటూ ముందు రేడియేటర్ మర కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. బయట మైనస్ మూడు! మర ఎందుకు కట్టాలంటే, చల్లగాలి తగిలితే గది చల్లబడిందనుకుని అది పూర్తిగా తెరుచుకుంటుందట. ఐదు నిమిషాల్లో అన్నీ మూసేసి, రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా చేయమంది.

వేడంతా పోదా అని నాకు అనుమానం. ఇంజినీరింగ్ చదివిన పాపానికి లెక్క వేశాను. నా ఇల్లు 60 చదరపు మీటర్లు, అంటే సుమారు 150 ఘనపు మీటర్ల గాలి. లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉన్నా, ఆ గాలినంతా మళ్లీ వేడెక్కించడానికి ఒక యూనిట్ సరిపోతుంది. అసలు వేడి దాచుకునేది గోడలూ సామానూ. ఐదు నిమిషాలకు అవి చల్లారవు, నాలా గంటల తరబడి తెరిచి ఉంచితేనే చల్లారతాయి. పైగా సున్నా డిగ్రీల గాలి ఘనపు మీటరుకు ఐదు గ్రాముల తేమ కూడా మోయలేదు, 20 డిగ్రీల గాలి 17 గ్రాములు మోస్తుంది. అందుకే లోపలికొచ్చి వేడెక్కిన గాలి చెమ్మను తాగేస్తుంది.

బిల్లు సంగతి అడగకు. ఇక్కడ జర్మనీలో 1981 నుంచి ఒక నిబంధన ఉంది. భవనం వేడి ఖర్చులో కనీసం సగం, ఎక్కువలో ఎక్కువ 70 శాతం ఎవరు వాడినంత వారు కట్టాలి, మిగతాది ఇంటి వైశాల్యాన్ని బట్టి. నాది నడిమి అంతస్తు. పైన, కింద ఇళ్లవాళ్ల వేడి నాకు ఉచితంగా అందుతున్నా, పెద్దావిడ కంటే నాకే ఎక్కువ వచ్చింది! ఒకే కొలతల ఇళ్లు, ఒకే బాయిలరు, తేడా కిటికీ దగ్గరే.

ఇప్పుడు తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాను. 60 శాతం దాటితే లేచి కిటికీలు తెరుస్తున్నాను. మా అమ్మకు మాత్రం ఈ సంగతి చెప్పకు. మైనస్ మూడులో కిటికీలు తెరుస్తున్నానని తెలిస్తే ఆవిడ నన్ను నిద్రపోనివ్వదు.

నీ
రఘు