మగపిల్లల వైద్య పరీక్ష కళ్లు, పళ్లతో ఆగిపోవద్దు

సంపాదకులకు,

గురుకులాల్లో ఆరోగ్య పరీక్షలు పూర్తయ్యాయని పది రోజుల కిందట మీ నల్లగొండ జిల్లా పేజీలో చదివాను. పూర్తయినవి ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు మాత్రమే. తొమ్మిదో తరగతి చదివే మా అన్న మనుమడు ఆ వరుసలోనే నిలబడి, ఏ లోపమూ లేదన్న కార్డుతో ఇంటికొచ్చాడు. ఎడమ వృషణం పైన నరాలు ఉబ్బి అప్పటికే ఏడాది దాటింది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు.

దేవరకొండలో చూపిస్తే బల్ల మీద పడుకోబెట్టి చూసి ఏమీ లేదన్నారు. నల్లగొండలో మరో డాక్టరు నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమన్నప్పుడు గానీ వానపాముల మూటలా చేతికి తగలలేదు. మా ఇంట్లో వరిబీజమని భయపడ్డారు గానీ అది వరికోసీల్, అంటే వృషణం పైనుండే సిరలు ఉబ్బడం. పడుకుంటే సిరల్లోని రక్తం వెనక్కి జారి వాపు కనబడకుండా పోతుందన్న ప్రాథమిక విషయం మొదట చూసినవారికి తట్టకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఇది అరుదైన జబ్బు కాదు. యుక్తవయసు మగపిల్లల్లో దాదాపు 15 శాతం మందికి, ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. అక్కడ రక్తం నిలిచి వేడి పెరిగితే, శరీరం విరిచివేయగలిగిన దానికంటే ఎక్కువగా ఫ్రీ రాడికల్స్ అనే, కణాలను దెబ్బతీసే అణువులు పుడతాయి. ఆక్సీకరణ ఒత్తిడి అని వైద్యులు చెప్పేది దీన్నే. వీర్యకణాల పొర, డీఎన్‌ఏ దీనివల్లే దెబ్బతింటాయి. అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. చాలామందికి ఏటా వృషణాల పరిమాణం కొలిపించుకుంటే చాలు. నొప్పి ఉన్నా, ఆ వైపుది 20 శాతానికి మించి చిన్నదైనా ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు. ముందు సమస్య ఉందని కనిపెట్టాలి కదా!

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించాలంటుంది, బృందంలో ఒక మగ డాక్టరు ఉండాలనీ అంటుంది. ఒక పరదా, ఒక్కో పిల్లవాడికి రెండు నిమిషాలు కేటాయించడం అధికారులకు ఎందుకు అంత కష్టమైందో అర్థం కాదు. పిల్లలు నోరు విప్పని ఈ సమస్యకు మందిస్తామని లాడ్జీల్లో మకాం వేసేవారి ప్రకటనలు మాత్రం పత్రికల్లో వారం వారం వస్తున్నాయి. వారిచ్చే పొడులతో ఉబ్బిన సిర తగ్గదు. మీరైనా ఆ ప్రకటనలు ఆపండి.

మావాడికి ఆరు నెలల తరువాత మళ్లీ కొలుస్తామన్నారు. వాడి తరగతిలోని మిగతా పిల్లలను ఎవరు, ఎప్పుడు నిలబెట్టి చూస్తారో జిల్లా వైద్యాధికారులు చెప్పాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ