తప్పెవరిదో తేలేదాకా రోగి ఆగాలా? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మీ కార్యాలయానికి పంపిన వినతులకు జవాబు రాలేదు కాబట్టి ఇక అందరి ముందే అడుగుతున్నాను.

ఆపరేషన్ తర్వాత మా అక్క కుడి చెయ్యి పనిచేయడం మానేసింది. నరం దెబ్బతిందని డాక్టర్లే చెప్పారు, కానీ పరిహారం మాటెత్తితే మాత్రం ఎవరి నిర్లక్ష్యమో మీరే రుజువు చేయండి అంటున్నారు. మత్తులో ఉన్న మనిషి ఏం రుజువు చేస్తుందండీ? రికార్డులు ఆసుపత్రి దగ్గరే ఉంటాయి, సాక్ష్యం చెప్పాల్సింది మరో డాక్టరే, ఈలోపు ఫిజియోథెరపీ ఖర్చు, పోయిన జీతం, పిల్లల టెన్షన్ అన్నీ ఇంటి మీదే పడ్డాయి.

ఎవరి తప్పో రుజువు చేయకుండానే రోగికి పరిహారం ఇవ్వమనడం సాధ్యం కాని కోరికేం కాదు. న్యూజిలాండ్‌లో 1974 నుంచి ప్రమాద పరిహార పథకం ఉంది, 2005లో చట్టం మార్చి చికిత్స వల్ల గాయమైతే చాలు, డాక్టర్ తప్పు చూపించనక్కర్లేదన్నారు. స్వీడన్ 1975లోనే రోగుల బీమా మొదలుపెట్టింది, అక్కడ చూసేది ఆ హాని తప్పించగలిగేదా కాదా అన్నదే. నిర్లక్ష్యం చేసినవాళ్లను వదిలేయమని నేననడం లేదు, ఆ విచారణ వేరుగా జరగాలి. పరిహారానికి దాన్ని ముడిపెడితే డాక్టర్లు కూడా భయంతో నోరు విప్పరు, జరిగిన పొరపాటు నుంచి ఎవరూ నేర్చుకోరు.

తప్పుతో సంబంధం లేని పరిహార నిధికి చట్టం తెండి. రికార్డులు అడగగానే రోగికి ఇవ్వాలని, నిర్ణయానికి గడువు ఉండాలని అందులోనే రాయండి. ముసాయిదా ఎప్పుడు పెడతారో ఈ లేఖకు బహిరంగంగానే జవాబివ్వండి.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు