ఫోన్లో చెప్పలేకపోయిన మాట

విశాఖపట్నం

చిన్నా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో ఆ సంగతి అడిగేసరికి మీ అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అందుకే సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

స్కానింగ్‌లో ఎడమవైపు వేరికోసీల్, అంటే వృషణం దగ్గర సిరలు ఉబ్బడం, అని వచ్చిందన్నావు. నాకూ అదే, ఆ వైపే. స్టీల్ ప్లాంట్‌లో నైట్ డ్యూటీ దిగేసరికి కింద బరువుగా లాగేది, ఇంటికొచ్చి పడుకుంటే తగ్గేది. అప్పటికి పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. మీ నానమ్మ మీ అమ్మని సింహాచలం తీసుకెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలించుకోమంది. మీ అమ్మకి చేయించని పరీక్ష లేదు. నన్నెవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు.

అనుమానం మాత్రం ఉండేది. ఎవరికీ చెప్పకుండా జగదాంబ సెంటర్ దగ్గర ఒక లాడ్జిలో దిగిన డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఒళ్లు చూడకుండానే 'నరాల బలహీనత' అని తేల్చేసి, సగం జీతం తీసుకుని లేహ్యం డబ్బా చేతిలో పెట్టాడు. లేహ్యం తియ్యగానే ఉంది.

మన వాడుకలో రక్తం పారేదీ నరమే, నొప్పి తెలిపేదీ నరమే. ఆ ఒక్క మాట మీదే వాళ్ల బేరం. తర్వాత కేజీహెచ్‌లో ఒక పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. వృషణం నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరల్లో చిన్న కవాటాలుంటాయి. అవి సరిగ్గా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి నిలిచిపోతుంది, సిరలు ఉబ్బుతాయి. ఎడమ సిర పొడవెక్కువ, పైగా కిడ్నీ సిరలో అడ్డంగా వెళ్లి కలుస్తుంది, అందుకే ఎక్కువగా ఆ వైపే వస్తుంది. వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు బాగా తయారవుతాయి. నిలిచిన రక్తం ఆ చల్లదనాన్ని పోగొడుతుంది. నూటికి 15 మంది మగవాళ్లకి ఇది ఉంటుంది, చాలామందికి పిల్లలు మామూలుగానే పుడతారు.

"నేను మగాడిగా పనికిరానా నాన్నా" అన్నావు. అంగం గట్టిపడకపోవడానికి సాధారణంగా ఇది కారణం కాదురా. అక్కడ ఇబ్బందుంటే షుగరు, బీపీ చూపించుకో. సిగరెట్టు కూడా రక్తనాళాల్ని పాడుచేస్తుంది (నువ్వు కాలుస్తావని అమ్మకి తెలీదు, నాకు తెలుసు). ఒక్కోసారి ఉత్త టెన్షనే. మెడికల్ షాపులో అడిగి బిళ్లలు మాత్రం మింగకు.

యూరాలజిస్టు దగ్గరికి వెళ్లు. నిలబెట్టీ పడుకోబెట్టీ చేత్తో చూస్తాడు, సిగ్గుపడకు. పడుకున్నా ఉబ్బు తగ్గకపోతే కడుపు స్కానింగ్ కూడా చేయమంటారు. వీర్యపరీక్ష ఒక్కసారిది నమ్మకు, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించు. దానికి ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం పోనివ్వకూడదు. వీర్యకణాల కౌంటు బాగుండి, నొప్పీ లేకపోతే ఆపరేషన్‌కి తొందరపడకు, ఇంకో డాక్టర్నీ అడుగు. నాకు కౌంటు తక్కువుంది కాబట్టి చేశారు. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది కదా, మూడు నెలలదాకా మళ్లీ పరీక్ష వద్దన్నారు. ఏడాదిన్నరకి నువ్వు పుట్టావు. ఆపరేషన్ వల్లేనా అంటే ఆ డాక్టరే ఖాయంగా చెప్పలేనన్నాడు. మీ నానమ్మ మాత్రం అప్పన్న దయే అంది.

కోడలికి చెప్పావా? లేదని నీ గొంతే చెప్పింది. లేడీ డాక్టరు దగ్గరికి ఆ పిల్లనొక్కదాన్నే పంపుతున్నావట, మీ అమ్మ అంది. కేజీహెచ్ మెట్ల మీద నా రిపోర్టు చూపించిన రోజు మీ అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. "నాలుగేళ్లు" అంది, అంతే. ఆ నాలుగేళ్లకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

శనివారం ఇద్దరూ కలిసి వెళ్లండి, పాత స్కానింగ్ కాగితం పట్టుకెళ్లు. వచ్చాక ఫోన్ చెయ్యి. ఈసారి డాబా మీదికెళ్లి మాట్లాడతాను.

ఇట్లు,
నాన్న