వెలగలేరు నుంచి ఒక ఫోను

డువాల్, వాషింగ్టన్ రాష్ట్రం
ఆదివారం రాత్రి

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. నిన్న సాయంత్రం కరెంటు వచ్చింది. ఇల్లు వెచ్చబడింది. బాబు రేపటి నుంచి బడికి వెళ్తాడు. ఫోనులో ఇవన్నీ చెప్పాను గానీ, నాలుగు రోజులుగా మన మాటలన్నీ సగంలోనే తెగిపోయాయి. టీవీలో అమెరికా మంచు చూపించినప్పుడల్లా అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదని అన్నయ్య చెప్పాడు. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను. నాన్నగారూ, కళ్లజోడు పెట్టుకుని అమ్మకు మీరే చదివి వినిపించండి. చివర మీకు ఒక పని చెప్పబోతున్నాను. అది కూడా వదలకుండా చదవండి.

అమ్మా, కార్లు మునిగిపోయేంత మంచు చూపించారే, అది ఈ దేశానికి ఆ కొసన, తూర్పు వైపు. మేమున్నది పడమటి కొస. మా లోయలో మంచు తక్కువ, వాన ఎక్కువ. మాకు తూర్పున కాస్కేడ్ కొండలు అడ్డంగా నిలబడి ఉంటాయి. పసిఫిక్ సముద్రం మీద నుంచి వచ్చే తడి గాలి ఆ కొండలు ఎక్కుతూ చల్లబడి, పైన మంచుగా, కింద వానగా పడుతుంది. బుధవారం నాటికి నా ఫోనులో మూడు హెచ్చరికలు ఒకదాని కింద ఒకటి నిలిచాయి. పెనుగాలికి ఒకటి, కొండల మీద భారీ మంచుకు ఒకటి, ఏటి వరదకు ఒకటి. మూడూ ఒకే వారంలో రావడంతో నాకూ గుండె దడదడలాడింది. అది దాచను.

ఇక్కడ నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు ముఖ్యంగా మూడు మాటలు వాడతారు. ‘వాచ్’ అంటే రావచ్చు, కనిపెట్టుకుని ఉండండి అని. ‘అడ్వైజరీ’ అంటే ఇబ్బంది తప్పదు, జాగ్రత్తగా మసలుకోండి అని. ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది, లేదా వచ్చి తీరుతుంది, చేయవలసింది ఇప్పుడే చేయండి అని. పెనుగాలి వార్నింగ్ ఇవ్వాలంటే సాధారణంగా గాలి ఆగకుండా గంటకు 64 కిలోమీటర్ల వేగంతో వీయాలి, లేదా విసురు 93 కిలోమీటర్లు దాటాలి. వచ్చిన కొత్తలో వీటి తేడా తెలియక అన్నిటికీ ఒకేలా భయపడేదాన్ని. తర్వాత విసుగొచ్చి అన్నిటినీ ఒకేలా వదిలేశాను. భయపడడం కంటే అలా వదిలేయడమే ప్రమాదమని తెలియడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

గాలి పేరు చెబితే నీ ముఖం ఎలా మారిపోతుందో నాకు తెలుసమ్మా. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రాత్రి, తాతయ్య మిమ్మల్నందరినీ బడి మేడ మీదికి ఎక్కించిన సంగతి నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. నీకు ఇంతవరకు చెప్పని మాట ఒకటి ఉంది. 2024లో మేము ఇక్కడ చూసిన పెద్ద గాలి కూడా సరిగ్గా నవంబరు 19నే వచ్చింది. ఆరు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఈ ప్రాంతానికి పెనుగాలులు మామూలుగా దక్షిణం నుంచి వస్తాయి. చెట్ల వేళ్లు ఆ వైపు ఒత్తిడికే అలవాటుపడి పట్టు బిగిస్తాయి. ఆ రోజు గాలి తూర్పు నుంచి, కొండ కనుమల గుండా దిగింది. వానకు నానిన నేలలోంచి తాడిచెట్టును మించిన డగ్లస్ ఫర్ చెట్లు వేళ్లతో సహా లేచి తీగల మీద, ఇళ్ల మీద పడ్డాయి. దివిసీమలోలాగా సముద్రం లేచి ఊళ్ల మీదికి వచ్చే చోటు కాదిది. ఇక్కడ గాలి రోజున ప్రాణం తీసేది చెట్టు. అందుకే గురువారం రాత్రి పెరటి వైపు పడకగది వదిలేసి ముగ్గురం ముందు గదిలో, చెట్లకు దూరంగా పరుపులు వేసుకుని పడుకున్నాం. రాత్రి రెండు గంటలప్పుడు ఎక్కడో చెట్టు విరిగిన చప్పుడు విన్నాను. తర్వాత దీపాలన్నీ పోయాయి. బాబు నిద్ర లేవలేదు.

రెండు రోజులు కరెంటు లేదు. మాకు వేడి కరెంటుతోనే వస్తుంది కాబట్టి ఇల్లంతా చల్లబడిపోయింది. నువ్వు ఫోనులో “కుంపటి రాజేసుకోండే, పిల్లవాడు వణికిపోతాడు” అన్నావు. నేను వద్దన్నానని నొచ్చుకున్నావు కదా, కారణం ఇప్పుడు చెబుతాను. మన ఇంట్లో కుంపటి వసారాలో ఉంటుంది. కిటికీలకు సందులుంటాయి, గాలి ఆడుతుంది. ఇక్కడి ఇళ్లు చలి దూరకుండా డబ్బాలా మూసేసి కడతారు. బొగ్గు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఇంట్లోనే నిలిచిపోతుంది. దానికి వాసన ఉండదు, పొగ ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. 2006 డిసెంబరులో ఇలాగే పెద్ద గాలికి కరెంటు పోయినప్పుడు, ఇంట్లో బొగ్గులు కాల్చుకుని, జనరేటర్ పెట్టుకుని కొందరు చనిపోయారు. వాళ్లలో మనలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. హెచ్చరికలు ఇంగ్లీషులో వచ్చాయి, వాళ్లకు అందలేదు. అప్పుడు సియాటెల్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలోనే ఆ హెచ్చరికను అనేక భాషల్లో అచ్చువేసింది. ఆ సంగతి విన్న రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. హెచ్చరిక పంపినంత మాత్రాన సరిపోదు. అది మనిషికి చేరాలి, ఆ మనిషి భాషలో చేరాలి, చేరాక ఏం చేయాలో అందులోనే ఉండాలి. అందుకని ఒకే గదిలో మూడు రజాయిలు కప్పుకుని ముగ్గురం కూర్చున్నాం. పెరట్లో, గోడలకు దూరంగా, చిన్న గ్యాస్ స్టవ్వు మీద అన్నం, చారు కాచాను. నువ్వు పంపిన కందిపొడి ఆ రెండు రోజులూ మమ్మల్ని కాపాడింది.

నాన్నగారూ, ఇక మీ సంగతికి వస్తాను.

గురువారం దాకా కొండల మీద పడింది మంచే. 3,022 అడుగుల ఎత్తున ఉన్న స్నోక్వాల్మీ కనుమలో హైవేను కొన్ని గంటలు మూసి, పైన పేరుకున్న మంచును పేలుడు మందుతో ముందే కూలగొట్టారు, లేకపోతే అదే విరిగి బండ్ల మీద పడుతుంది. శుక్రవారం గాలి తిరిగింది. హవాయి దీవుల వైపు నుంచి వెచ్చని తేమ ఒక పొడవాటి పాయలా వచ్చి తగిలింది. దీన్ని ఇక్కడ ‘అట్మాస్ఫెరిక్ రివర్’ అంటారు, ఆకాశంలో పారే నది అన్నమాట. అలాంటివి సగటున, మిసిసిప్పీ నది సముద్రంలో కలిసే చోట పారేంత నీటిని ఆవిరి రూపంలో మోస్తాయట. అది రాగానే మంచు పడే ఎత్తు పైకి జరిగిపోయింది. నిన్నటిదాకా మంచు పడిన చోట ఇప్పుడు వాన. ఆ వానకు మంచు కూడా కరిగి తోడయింది. కొండ మీద రెండు రోజులు ఆగిన నీరంతా ఒక్క రాత్రిలో ఏట్లోకి దిగింది.

మా ఏరు పేరు స్నోక్వాల్మీ. పైన మూడు పాయలుగా పుట్టి, కలిసి, 268 అడుగుల జలపాతంగా దూకి మా లోయలోకి వస్తుంది. మూడు పాయల నీటినీ పైనే కొలిచి, కూడి, దశలు చెబుతారు. ఆరు వేల క్యూసెక్కులకు మొదటి దశ, పన్నెండు వేలకు రెండోది, ఇరవై వేలకు మూడోది, ముప్పై ఎనిమిది వేలకు నాలుగోది. మీరు ముప్పై ఏళ్లు విజయవాడ–మైలవరం బస్సు నడిపిన మనిషి, ప్రతి వానాకాలం పేపర్లో బ్యారేజీ అంకె చూశాకే కాఫీ తాగే మనిషి. ఈ అంకెలు మీకు కాలువ నీళ్లలా అనిపిస్తాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షలకు గాని మొదటి ప్రమాద హెచ్చరిక రాదు. రెండోది 5.69 లక్షలకు. 2024 సెప్టెంబరు 2న వచ్చింది 11.43 లక్షలు.

కానీ మన ఇంట్లోకి వచ్చిన నీళ్లు ఆ పదకొండు లక్షల్లోవి కావు కదా నాన్నగారూ.

ఆ ముందురోజు, ఆదివారం ఉదయం మీరు ఫోనులో నాకు చెప్పింది కూడా బ్యారేజీ అంకే. “కృష్ణలంకకు గోడ కట్టారు, సింగ్ నగర్ కృష్ణకు దూరం, కంగారు పడకు” అన్నారు. మీరు మాట్లాడుతుండగానే వీధి చివరికి బుడమేరు వచ్చేసింది. ఊరంతా దక్షిణానికి, కృష్ణ వైపు తిరిగి చూస్తుంటే నీళ్లు వెనక నుంచి వచ్చాయి. మైలవరం కొండల్లో పుట్టిన ఆ చిన్న ఏటిని బెజవాడ దుఃఖదాయిని అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. బుడమేరును కృష్ణలోకి మళ్లించే కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. కృష్ణే నిండుగా ఉన్నప్పుడు అందులో కలవవలసిన నీళ్లు ఎక్కడికి పోతాయి? మన వీధికి ఎవరూ వచ్చి చెప్పలేదు. చెప్పినా, 2005లో గుమ్మం దాకా వచ్చి ఆగింది కాబట్టి ఇప్పుడూ ఆగుతుందని మీరు కూర్చునేవారేమో. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ తర్వాత రెండు రోజులు మీ ఫోన్లు మోగలేదు. టీవీలో పైనుంచి తీసిన దృశ్యాల్లో మన మేడ మీది నీలం రంగు నీళ్ల ట్యాంకు కనిపిస్తుందేమోనని ఆపి ఆపి వెతికాను. ఆ రెండు రోజులు ఎలా గడిచాయో మీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేను. పైవాటా పిన్నిగారు తలుపు తీసి ఉండకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి ఈనాటికీ ధైర్యం చాలదు.

మొన్న శుక్రవారం రాత్రి మా ఫోను మోగింది. రికార్డు చేసిన గొంతు, మూడో దశ అని చెప్పింది. లోయలో పాడి ఆవులున్న ముసలాయన ఒకరు మాకు తెలుసు. ఆయన పొలం మధ్యలో ఒక ఎత్తయిన మట్టి దిబ్బ ఉంటుంది. వరదలో పశువులు నిలబడడానికే ఈ లోయ రైతులు అలాంటివి పోసుకుంటారు. ఆయన ఏటిని చూడడానికి వెళ్లడు, ఎవరినీ అడగడు. ఫోను మోగితే లేచి ఆవులను దిబ్బ మీదికి తోలుతాడు. తెల్లవారేసరికి పొలమంతా నీళ్లు, దిబ్బ మీద ఆవులు నెమరేస్తున్నాయి. కొండ వాలు మీది మా ఇంటి నుంచి చూశాను. పైన కొలిచిన నీరు లోయ అడుగుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆయన చేసిందల్లా ఆ గంటలను వాడుకోవడం.

మీ అల్లుడు ఆ రాత్రి ఇంటికి రాలేదు. ఆఫీసు నుంచి బయల్దేరేసరికే లోయ దాటే రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. ఎక్కువ కాదు, అడుగు లోతు. పారే నీళ్లు అడుగు ఉంటే చాలు, చాలా కార్లను తేల్చేస్తాయి. వెనక్కి తిప్పి స్నేహితుడి ఇంట్లో పడుకున్నారు. ఫోనులో ఏమన్నారో తెలుసా? “చప్టా మీద నీళ్లు పారుతుంటే కింద రోడ్డు ఉందని ఎవరు చెప్పారు? అని మామయ్యగారు అనే మాట గుర్తొచ్చింది” అన్నారు. బస్సు నిండా జనం తిడుతున్నా మీరు ఎన్నిసార్లు చప్టా ముందు ఆపేసి కూర్చున్నారో నాకు గుర్తుంది. యాభై మంది ప్రాణాల కోసం ఆగిన మనిషి, తన ఇంటి దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఆగలేదు?

ఇదీ మీకు చెప్పదలచిన పని. వెలగలేరులో రెగ్యులేటరు గేట్లు ఎత్తితే నీళ్లు పాత బుడమేరు దారిన మన వైపు వస్తాయి. ఆ ఊళ్లోనే మీతో పనిచేసిన కండక్టరు బాబాయి ఉన్నారు. ఒకసారి వెళ్లి ఆయనతో మాట్లాడండి. ఏరు నిండుగా పారుతుంటే ఒక ఫోను చేయమనండి, గేట్లు ఎత్తితే రెండో ఫోను. ప్రభుత్వం పంపే సందేశాలు వస్తాయి, అవీ చూడండి. కానీ బాబాయి గొంతు మీరు నమ్ముతారు. మొదటి ఫోనుకు ఇంటి దస్తావేజులు, పింఛను పుస్తకం, అమ్మ మందులు, బియ్యం పిన్నిగారి వాటాలో పెట్టండి. రెండో ఫోను వస్తే తాళం వేసి, బస్సులు తిరుగుతుండగానే గుంటూరు అత్తయ్య ఇంటికి వెళ్లిపోండి. నీళ్లు రాకపోతే మర్నాడు తిరిగి రావచ్చు. అత్తయ్య అయిదేళ్లుగా రమ్మంటూనే ఉంది.

అమ్మా, నాన్నగారు ‘చూద్దాంలే’ అంటారు. నువ్వే వెంటపడి పంపించు. వానలు మొదలయ్యేలోగా ఇది జరిగిపోవాలి.

బాబు తాతయ్యకు బొమ్మ వేశాడు, ఉత్తరంలో పెడుతున్నాను. దిబ్బ మీద ఆవులు అవి. వాటిలో ఒకదానికి కొమ్ములకు మన సంక్రాంతి గంగిరెద్దులా కుచ్చులు కట్టాడు.

ఇట్లు,
మీ చిన్నమ్మాయి

తా.క. బాబాయి నంబరు ఫోనులో పెట్టుకోవడంతో సరిపెట్టవద్దు. ఆ రోజు ఫోనే ముందు తడిసింది. వంటింటి గోడ మీద, అమ్మకు కనిపించేలా, పెద్ద అంకెలతో రాయండి. రాశాక అన్నయ్యతో ఫోటో తీయించి నాకు పంపండి.