శీనుగాడికి, లెయోన్ నుంచి

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేయ్, అయ్యాక చదువు. మూడు వారాలుగా నీ మెసేజులు చూస్తూనే ఉన్నా, రాత్రికి తీరిగ్గా రాద్దాం అనుకుంటా, పది కొట్టేసరికి ఈ ఆల్బెర్గేల్లో (అదే, యాత్రికుల సత్రాల్లో) లైట్లు ఆర్పేస్తారు, అప్పటికి నా ఒంట్లోనూ ఏమీ మిగలదు. బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకున్నా ఇన్నాళ్ళూ, సారీ రా. ఈ కామినో యాత్రలో, అదే స్పెయిన్‌లో శాంటియాగో చర్చి దాకా కాలినడకన వెళ్ళేది, ఇవాళ లెయోన్‌లో ఆగాను, నడక లేదు, వీధి చివర కాసులేసే లాండ్రీలో బట్టలు వేసి బల్ల మీద కూర్చుని ఫోన్లోనే టైప్ చేస్తున్నా, ఉతకడం అరగంట, ఆరబెట్టడం అరగంట, ఈ గంటలో ఎంత వస్తే అంత.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తా. నేను బాగున్నా, ఎడమ మడమ మీద బొబ్బ మానుతోంది. మ్యూనిక్‌లో సుధా, చిన్నదీ కులాసా, చిన్నదానికి స్కూలు తెరిచారు. ఫ్రాన్సు సరిహద్దు ఊరు సెంజాన్ నుంచి మొదలుపెట్టి ఇక్కడికి 470 కిలోమీటర్లు దాటాయి, శాంటియాగోకి ఇంకా 300 పైనే ఉన్నాయి. నువ్వు చెప్పొద్దన్న ఆ లాకుల దగ్గర సైకిల్ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పను, సరేనా. అయిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. నాలుగు రోజులుగా కడుపులో పెట్టుకుని నడుస్తున్నా, సుధకి చెబుదామని మొదలుపెడితే సగంలో గొంతు పూడుకుపోయింది. నీకైతే రాయొచ్చు.

నాన్న సంగతి తెలుసు కదా. ఏటా అలిపిరి మెట్లు, మొత్తం 3,550, మనల్ని వెనకేసి ఎక్కిన మనిషి, మోకాళ్ళ ఆపరేషన్ తర్వాత వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి రావడమే గొప్ప. నేను బయల్దేరేముందు అమ్మ కంగారు పడుతుందని గూగుల్ మ్యాప్స్‌లో నా లొకేషన్ ఆయనకి షేర్ చేసి పెట్టా. అంతే అనుకున్నా. ముప్ఫై నాలుగేళ్ళు గూడ్సు బళ్ళకి గార్డు చేసిన మనిషి చేతికి కదిలే చుక్కొకటి ఇస్తే ఏమవుతుందో నాకు తట్టలేదు. పాత డైరీ ఒకటి తీసి స్కేలుతో గీతలు కొట్టారట, ఊరు, బయల్దేరిన టైము, చేరిన టైము, చివర్లో రిమార్కులు. మొదటి రోజు పిరనీస్ కొండ ఎక్కుతుంటే సిగ్నల్ పోయింది, రెండున్నర గంటలు చుక్క కదల్లేదు, ఆ గడిలో ఎర్ర ఇంకుతో రాశారని అమ్మ చెప్పింది. ఇక రోజూ ఇక్కడ తొమ్మిదిన్నర అయ్యేసరికి, అంటే మీకు మధ్యాహ్నం ఒంటిగంట, ఆయన భోంచేసి మంచం మీద ఒరిగి వీడియో కాల్ చేస్తారు, నేను కెమెరా ముందుకి తిప్పి ఓ పావుగంట నడుస్తా. మాటలేం పెద్దగా ఉండవు. "ఎడమ పక్కవి ద్రాక్షతోటలా?" "ఆ." "ఆ ముసలావిడ నిన్న కూడా కనపడింది." "ఆ." ఇరాచే అనే చోట వైన్ వచ్చే కుళాయి ఉంది రా, 1991లో పెట్టారు, గోడకి కెమెరా ఉంది, ఎక్కడినుంచైనా నెట్‌లో చూడొచ్చు. నేను దాని ముందు నిలబడి చెయ్యి ఊపితే నాన్న రాజమండ్రిలో చూసి ఊపారట, అమ్మ మాత్రం నీ చేతిలో ఆ గ్లాసేంటి అంది.

ఈ దారిలో కొందరు ఫోన్ తీస్తే అదోలా చూస్తారు. యాత్రకొచ్చి ఫోనేంటి, బ్యాగు అడుగున పడెయ్, దారిని చూడు అని ఒక పెద్దాయన నాకు చెప్పారు కూడా. ఆయన చెప్పింది తప్పని అనను. కానీ నా ఫోన్లో నాన్న నడుస్తున్నారు కదరా, అడుగున ఎలా పడేస్తాను.

ఓ, సిమ్ గురించి అడిగావు, మర్చిపోకముందే. నాది జర్మనీ సిమ్మే, 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం సిమ్ ఇంకో దేశంలో ఇంటి రేటుకే పనిచేస్తుంది. నువ్వు ఇండియా నుంచి వస్తే స్పెయిన్‌లో ప్రీపెయిడ్ తీసుకో, పాస్‌పోర్టు చూపించాలి. ఇండియా సిమ్ రెండో స్లాట్‌లో ఉంచు, బ్యాంకు ఓటీపీలకి. మన రెండు పుల్లల చార్జర్ ఇక్కడ దూరుతుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో. ఎమర్జెన్సీకి 112.

సరే, కరియోన్ దె లాస్ కోందెస్ అని ఓ ఊరు. అక్కడ చర్చి సిస్టర్లు నడిపే సత్రంలో దిగా. సాయంత్రం సిస్టర్లు గిటార్ పట్టుకుని అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, నువ్వెవరు, ఎందుకు నడుస్తున్నావు చెప్పి ఒక పాట పాడమంటారు. నా వంతు వచ్చింది. నాకేం పాటలొచ్చు రా, నీకు తెలుసు. మెట్ల మీద నాన్న అందుకుంటే మనం వెనకనుంచి అరిచేవాళ్ళం చూడు, అదే అన్నా, నేను "ఏడుకొండలవాడా" అంటాను, మీరు "గోవిందా గోవిందా" అనండి అని. రెండోసారికే అందరూ అందుకున్నారు, పక్కన కూర్చున్న కొరియా కుర్రాడైతే కళ్ళు మూసుకుని మరీ. భోజనాల దగ్గర కూడా వాడు ఆ మాటేంటో అడిగి పలకడం నేర్చుకున్నాడు.

ఆ సత్రంలో నా మంచం దగ్గర ప్లగ్గు లేదు. వంటింటి పక్క వరండాలో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి, దానికి తొమ్మిది ఫోన్లు వేలాడుతున్నాయి. నాదీ పెట్టి పడుకున్నా. పొద్దున్న ఆరున్నరకి కటిక చీకటి, సెప్టెంబరు చివర ఇక్కడ ఎనిమిది దాటితేగానీ తెల్లారదు, ఎవరికీ నిద్రాభంగం కాకుండా తలకి కట్టుకున్న లైటు కూడా వెయ్యకుండా తడుముకుంటూ సర్దుకుని బయటపడ్డా. ప్యాంటు పక్కజేబులో బరువు తొడకి కొట్టుకుంటోంది, ఫోను ఉందిలే అని నడుస్తున్నా. అది పవర్ బ్యాంకు రా.

తెలిసింది ఎప్పుడంటే, సూర్యుడు వస్తుంటే ఫోటో తీద్దామని జేబులో చెయ్యి పెట్టినప్పుడు. అప్పటికి 8 కిలోమీటర్లు వచ్చేశా. కరియోన్ నుంచి తర్వాతి ఊరు కల్సదియ్య దాకా 17 కిలోమీటర్లు మధ్యలో ఒక్క ఊరు లేదు, రోమన్ల కాలం నాటి రోడ్డు, సున్నం దారం పట్టి కొట్టినట్టు తిన్నగా ఉంటుంది, రెండు పక్కలా కోసేసిన గోధుమ చేలు, కనుచూపు మేరా అదే. వెనక్కి 8, ముందుకి 9. వెనక్కి వెళ్తే ఎనిమిదికల్లా అందర్నీ బయటికి పంపించి తలుపు వేసేస్తారు. రోడ్డు పక్కన రాళ్ళ మీద కూలబడ్డా.

ఇటలీ మొగుడూ పెళ్ళాం ఆగి, ఏమైందని అడిగి తమ ఫోన్ చేతిలో పెట్టారు. ఎవరికి చెయ్యాలి? నాకు నోటికొచ్చిన నంబర్లు రెండే శీనూ. మా రైల్వే క్వార్టర్స్ ల్యాండ్‌లైను, మీ ఇంటి ల్యాండ్‌లైను. రెండూ తీసేసి పదిహేనేళ్ళు. సుధ నంబరు రాదు, నాన్నది రాదు. మెయిల్లోకి వెళ్దామంటే పాస్‌వర్డు కొట్టాక కోడ్ పంపించాం చూడు అంటుంది, ఆ కోడ్ వచ్చేది ఆ ఫోన్‌కే. టికెట్టు అందులోనే, బ్యాంకు అందులోనే. అవేవీ కాదు నన్ను పట్టుకుంది. ఒంటిగంట అవుతుంది, నాన్న కాల్ చేస్తారు, ఎత్తను. మళ్ళీ చేస్తారు. చుక్క చూస్తారు, అది కరియోన్‌లోనే ఉంటుంది. పొద్దున్న మాత్ర వేసుకున్నారో లేదో. మంచం మీద లేచి కూర్చుని ఆ చుక్క వంక చూస్తూ ఉండే ఆయన మొహం నాకు ఆ చేలల్లో కనపడింది రా, ఎంత లేపినా కాళ్ళు లేవలేదు.

కాసేపటికి లేచా. దారికైతే ఫోను అక్కర్లేదు, పసుపు బాణాలుంటాయి, ఓ సెబ్రేరో అనే కొండ ఊళ్ళో ఎలియాస్ వాలిన్యా అని ఒక ఫాదర్ 1980ల్లో పెయింటు డబ్బా పట్టుకుని దారి పొడుగునా వేసిన గుర్తులు, తర్వాత జనం వేస్తూ వచ్చారు. బాణం, బాణం, బాణం. వాటిని చూసుకుంటూ నడిచా. అటువైపు ఏం జరుగుతోందో నాకు తెలీదు, నాన్న తర్వాత డైరీ చూసి చదివి వినిపించారు.

తలుపు వేసేముందు సిస్టర్ బోర్డు దగ్గర నా ఫోను చూసింది. వెనక కవర్లో వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉంటుంది కదా, అప్పటికి మిగిలినవాళ్ళకి చూపించింది. కొరియావాడు గుర్తుపట్టేశాడు, ఇది గోవిందా వాడిది, నేను పట్టుకుంటా అని జేబులో వేసుకుని నడక అందుకున్నాడు.

ఇక్కడ నాన్న. "మన టైము పదకొండున్నర దాకా కరియోన్‌లో నిలబడిపోయావు, క్రాసింగుకి ఆపారేమో అనుకున్నా. పదకొండున్నరకి కదిలావు. కదిలితే గంటకి ఆరు! నువ్వు ఇన్ని రోజుల్లో ఐదు దాటలేదు. బండి మనదే, తోలేవాడు మనవాడు కాదు అని అప్పుడే అనుకున్నా." ఎవరో కొట్టేశారనుకున్నారట పాపం. అమ్మకి చెప్పలేదు. అన్నం సగంలో వదిలేసి ఒంటిగంటకి కాల్ చేశారు. లాక్ ఉన్నా కాల్ ఎత్తొచ్చు కదా, వాడు ఎత్తాడు. నాన్న రైల్వే ఇంగ్లీషులో గట్టిగా "హూ ఆర్ యూ? వేర్ ఈజ్ మై సన్?" అన్నారు. వాడికి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఏం చెప్పాలో తెలీక, నాన్న నుదుటి మీద నామం చూశాడట, రెండు చేతులూ ఎత్తి "గోవిందా!" అన్నాడు.

నాన్న "గోవిందా" అన్నారు.

అంతే, ఇంకేం మాట్లాడుకున్నారో ఇద్దరికీ తెలీదు. వాడు కెమెరా ముందుకి తిప్పి నడవడం మొదలుపెట్టాడు. దాదాపు గంటసేపు, మధ్యమధ్య తెగిపోతే మళ్ళీ చేసుకుంటూ, మా నాన్న ఎవరో ముక్కూమొహం తెలీని కుర్రాడి చేతిలోంచి ఆ తిన్నటి దారి చూస్తూ కూర్చున్నారు. అప్పటికి అమ్మ కూడా వచ్చి చేరింది. చాలాసేపటికి దూరంగా ఒక మనిషి కనపడ్డాడట, చీమంత. బ్యాగు మీద ఏదో ఊగుతోంది. తడి తువ్వాలు బ్యాగుకి పిన్నులతో గుచ్చుకుని నడుస్తాం ఇక్కడ, ఆరడానికి. నాది అమ్మ ఇచ్చిన ఎర్రగళ్ళ తువ్వాలు. అమ్మ "తువ్వాలు, తువ్వాలు!" అని అరిచింది. నాన్న తువ్వాలు చూడలేదట. "ఎడమ కాలు ఆన్చడం లేదు వాడు, మడమ నొప్పి, వాడే" అన్నారట.

నాకు వెనకనుంచి వినపడింది రా. గాలి తప్ప ఏ చప్పుడూ లేని చోట, పొలికేక, "గోవిందాఽఽ" అని. కొరియా యాసలో. నా చెవులే అనుకున్నా. మళ్ళీ వినపడింది. వెనక్కి తిరిగితే వాడు ఫోను పైకెత్తి పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు, ఫోన్లోంచి నాన్న గొంతు, చిన్నప్పుడు మెట్ల మీద ఎలా అరిచేవారో అలా, ఏడుకొండలవాడా అని. ఎన్నేళ్ళయిందిరా ఆ గొంతు విని. ఆపరేషన్ తర్వాత ఆయన గట్టిగా మాట్లాడిందే లేదు. నేను మధ్య రోడ్డు మీద నిలబడి గోవిందా అనబోతే నోట్లోంచి మాట రాలేదు, వాడే అన్నాడు నా బదులు.

ఫోను నా చేతికి ఇచ్చాక నాన్న నన్నేమీ అనలేదు. కాసేపు ఊరుకుని, "ఆ అబ్బాయి భోంచేశాడేమో కనుక్కో" అన్నారు. కల్సదియ్యలో వాడికి ఆమ్లెట్, రొట్టె పెట్టించా, డబ్బులు నన్ను ఇవ్వనియ్యడానికి చాలా సేపు ఒప్పుకోలేదు. ఇప్పుడు వాడు నాకంటే ఒక రోజు ముందున్నాడు, నాన్నకి రోజూ ఫోటో పెడుతున్నాడు, నాన్న డైరీలో వాడికో పేజీ తెరిచారు. అదొకటి, ఇప్పుడు నాన్న రెండు బళ్ళు చూసుకోవాలి.

సుధ నంబరు, నాన్న నంబరు, నీ నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టా. నడుస్తూ బట్టీ పడుతున్నా కూడా, నీ చివరి నాలుగంకెలు ఇంకా తారుమారు అవుతున్నాయి.

ఇంకోటి, ముఖ్యమైంది, నీతో ఒక పని ఉంది. ముందు ఫోన్‌సెబదోన్ అనే ఊరి పైన, 1,500 మీటర్ల ఎత్తులో ఒక ఇనుప శిలువ ఉంది, ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన రాయి అక్కడ పెడతారు. నాన్న పుష్కరాల రేవులో ఏరించి పంపిన గులకరాయి నా బ్యాగులో ఉంది. అది పెట్టేటప్పుడు ఆయనకి కనపడాలి, పైన సిగ్నల్ ఎలా ఉంటుందో, అందుకని నువ్వు ఆ రోజు మా ఇంటికి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటే, కాల్ తెగినా మళ్ళీ మళ్ళీ

డ్రయ్యర్ ఆగింది, ఒకావిడ బుట్ట పట్టుకుని నా బట్టలు ఎప్పుడు తీస్తానా అని నిలబడింది. శుక్రవారం, మీకు మధ్యాహ్నం పన్నెండుకల్లా వెళ్ళు, తేదీ మారితే మెసేజ్ పెడతా. అమ్మకి పూతరేకులు పట్టుకెళ్ళు, నాన్నకి వద్దు, షుగరు.

నీ
గోవిందా వాడు