హన్మకొండ అంటే 1984 ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

పీవీ నరసింహారావు గారి మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 1984 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన వరంగల్‌లో ఓడిపోయారని అందులో రెండు చోట్ల రాశారు. ఆయన ఓడింది హన్మకొండలో. వరంగల్, హన్మకొండ అప్పట్లో రెండు వేర్వేరు పార్లమెంటు స్థానాలు. ఊళ్లు రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయినా ఎంపీలు మాత్రం వేరే. 1977 నుంచి 2008 దాకా మా ఊరి పేరు మీద లోక్‌సభలో ఒక సీటుండేది. దయచేసి సవరణ వేయండి.

సవరణతో ఆగిపోయేవాణ్ణే గాని, సొంత గడ్డ మీది జనమే పీవీని కాదన్నారని మీ వ్యాసకర్త తేల్చేసిన తీరు మనసుకు కష్టమనిపించింది. నేను అప్పుడు ఇక్కడే ఉన్నాను. చౌరస్తా దగ్గర ఒక ట్రెడిల్ ప్రెస్సులో, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం ఉన్న చోట, 1979లో కంపోజిటర్‌గా, సీసం అక్షరాలు పేర్చేవాడిగా, చేరాను. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు మా రోజువారీ పని. ఎన్నికలొస్తే అన్ని పార్టీల కరపత్రాలూ మా దగ్గరికే వచ్చేవి. ఎన్నికలయ్యాక టైపంతా విప్పి కేసుల్లో (అక్షరాల అరల్లో) వేసేవాళ్లం గాని, ‘హన్మకొండ పార్లమెంటు నియోజకవర్గం’ అన్న లైను మాత్రం విప్పేవాళ్లం కాదు. దారంతో గట్టిగా కట్టి, గ్యాలీలో (పేర్చిన టైపు ఉంచే పళ్లెంలో) ఓ మూల పెట్టేవాళ్లం. ఎప్పటికైనా మళ్లీ కావాల్సిందే కదా. ఏళ్ల తరబడి వాడి వాడి ‘న’ కింది ‘మ’ వత్తు అరిగిపోయి, అచ్చులో సరిగ్గా లేచేది కాదు. దాని అడుగున కాగితం ముక్క పెట్టి ఎత్తేవాణ్ణి.

1977లో దేశమంతా కాంగ్రెస్‌ను కాదన్నా, మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 ఆ పార్టీవే. అప్పటిదాకా మంథని ఎమ్మెల్యేగా ఉంటూ వచ్చిన పీవీ ఆ ఏడాదే హన్మకొండ నుంచి తొలిసారి లోక్‌సభకు వెళ్లారు. 1980లో మళ్లీ గెలిచి విదేశాంగ మంత్రి అయ్యారు. అంటే ప్రపంచ దేశాలతో మన దేశం తరఫున మాట్లాడిన మనిషి హన్మకొండ ఎంపీ. పేపర్లో ఆ మాట చదివినప్పుడల్లా మా ప్రెస్సులో అందరి ముఖాలూ వెలిగేవి.

ఇక 1984. ఆ ఎన్నికను అర్థం చేసుకోవాలంటే డిసెంబరు కంటే ముందు ఆగస్టును చూడాలి. పీవీ జులైలో కేంద్ర హోంమంత్రి అయ్యారు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని పడగొట్టారు. నాదెండ్ల భాస్కరరావు నెల రోజులు కుర్చీలో కూర్చున్నారు. రాష్ట్రమంతా రోడ్ల మీదికొచ్చింది. సెప్టెంబరులో ఎన్టీఆర్ తిరిగి వచ్చారు. ఆ నెల రోజులూ కేంద్రంలో హోంశాఖ ఎవరి చేతిలో ఉందో హన్మకొండలో ఎవరూ ఎవరికీ చెప్పనవసరం లేదు. ఆయన మా ఎంపీయే. ఆ నిర్ణయంలో ఆయన పాలెంతో నేను చెప్పలేను. జనం మాత్రం అడగాలనుకున్న లెక్క ఆయన్నే అడిగారు.

అక్టోబరు 31న ఇందిరమ్మను చంపారు. కాంగ్రెస్ వాళ్లు తెచ్చిన కరపత్రాలన్నిటికీ నల్ల అంచు కావాలన్నారు. మా దగ్గర అంచు గీతలు అచ్చేసే లావు రూళ్లు చాలక వేరే ప్రెస్సు నుంచి అడిగి తెచ్చుకున్నాం. అటువైపు చందుపట్ల జంగారెడ్డి గారిది కమలం గుర్తు. తెలుగుదేశం ఇక్కడ ఆయనకే మద్దతిచ్చింది. వాళ్ల మ్యాటర్లో సగం ఆగస్టు సంగతే. పగలు ఒకరిది, రాత్రి ఒకరిది కంపోజ్ చేశాను. కమలం గుర్తు జింకు బ్లాకు, హస్తం బ్లాకు ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉండేవి. జంగారెడ్డి గారు పైనుంచి దిగిన మనిషి కాదు. అంతకుముందే పరకాల నుంచి, శాయంపేట నుంచి శాసనసభకు గెలిచిన స్థానికుడు. ఆ వైపు పల్లెల నుంచి వచ్చే కార్యకర్తలు ఆయన్ను ‘మా జంగన్న’ అనే అనేవాళ్లు.

ఆయనకు 2,63,762 ఓట్లు, పీవీకి 2,09,564. తేడా 54,198. దేశమంతా కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లొస్తే, బీజేపీకి వచ్చినవి రెండే, గుజరాత్‌లోని మెహసానా, మా హన్మకొండ. అందుకే ఆ పార్టీ చరిత్ర రాసేవాళ్లు మా ఊరిని తల్చుకుంటారు. పీవీ చరిత్ర రాసేవాళ్లు ఆయనకు జరిగిన అవమానంగా రాస్తారు. రాష్ట్రంలో తెలుగుదేశానికి అప్పుడు 30 సీట్లొచ్చాయి. ఆగస్టు కోపం రాష్ట్రమంతటా ఎలా పనిచేసిందో ఇక్కడా అలాగే పనిచేసింది. ఇది పీవీ అనే మనిషి మీద తీర్పు కాదు. అంత గాలిలోనూ రెండు లక్షల తొమ్మిది వేల మందికి పైగా ఆయనకే ఓటేశారు. తర్వాత 1989లో హన్మకొండ శాసనసభ స్థానం నుంచి ఆయన పెద్ద కొడుకు పీవీ రంగారావు గారిని గెలిపించింది ఈ జనమే. పీవీని కాదన్నారని రాసేవాళ్లు ఈ మాట ఎందుకు రాయరు?

1989, 1991, 1996లో వరసగా కమాలుద్దీన్ అహ్మద్ గారు గెలిచారు. 1991లో పీవీ ప్రధాని అయి నంద్యాల ఉప ఎన్నికకు వెళ్లినప్పుడు, హన్మకొండ ఎంపీగా ఆయన మంత్రివర్గంలో ఉన్నది కమాలుద్దీన్ గారే. ముస్లిం అభ్యర్థిని ఈ సీటు మూడుసార్లు పంపిందన్న సంగతి ఏ పత్రికలోనూ ప్రముఖంగా కనబడదు. 1998, 1999లో తెలుగుదేశం తరఫున చాడా సురేష్ రెడ్డి గారు. అప్పటికి మా ట్రెడిల్ మూలన పడింది, కంప్యూటర్ మీద కంపోజ్ చేసే డీటీపీ, ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాయి. కరపత్రాల్లో మారనిది ఒక్కటే, కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ. అది పంజాబ్‌లోని కపుర్తలాకు తరలిపోయినప్పటి నుంచి ఏ పార్టీ మ్యాటర్ వచ్చినా అందులో ఆ హామీ ఉండేది. చివరికి వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది 2023 జులైలో.

2004లో టీఆర్ఎస్ నుంచి బి. వినోద్ కుమార్ గారు గెలిచారు. తెలంగాణ కోసం 2008లో ఆ పార్టీ ఎంపీలు రాజీనామా చేస్తే వచ్చిన ఉప ఎన్నికల్లో ఆదిలాబాద్, వరంగల్ చేజారాయి. నిలబడ్డవి కరీంనగర్, హన్మకొండ. మా సీటుకు అదే ఆఖరి ఎన్నిక. ఓటేసిన వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. నియోజకవర్గాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వులు అప్పటికే వచ్చేశాయి. పాత హద్దులతోనే పోలింగ్ జరిగింది.

జస్టిస్ కుల్‌దీప్ సింగ్ నియోజకవర్గాల పునర్విభజన కమిషన్ 2001 జనాభా లెక్కల మీద హద్దులు మార్చింది. రాష్ట్రంలో మొత్తం సీట్లు పెరగలేదు. హైదరాబాద్ చుట్టూ జనం పెరిగారు గనుక మల్కాజిగిరి, చేవెళ్ల వచ్చాయి. హన్మకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం పోయాయి. శాసనసభ స్థానానికి కూడా మా ఊరి పేరు మిగల్లేదు, వరంగల్ పశ్చిమ అయింది. వరంగల్ లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు కావడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, అది ఎప్పుడో రావాల్సిన హక్కు. నా బాధంతా హద్దుల గురించే. 2021లో ప్రభుత్వం వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు పెట్టింది. కానీ ఆ జిల్లాలోనే ఉన్న పీవీ గారి సొంతూరు వంగర ఇప్పుడు ఓటేసేది కరీంనగర్ ఎంపీకి. కమలాపూర్ వాళ్లదీ అదే దారి. కలెక్టరేట్ ఇక్కడ, ఎంపీ అక్కడ. ఒక పని మీద ఇద్దరి చుట్టూ తిరిగే రైతుకే ఆ కష్టం తెలుస్తుంది.

పునర్విభజన మాట మళ్లీ వినబడుతోంది. కమిషన్ ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగంగా విచారణ జరపాలి. పోయినసారి ఆ దశలో మా ఊరి నుంచి పెద్దగా ఎవరూ నోరెత్తలేదు. ఈసారి ముసాయిదా రాగానే, జిల్లా హద్దును లోక్‌సభ హద్దును పక్కపక్కన పెట్టి మ్యాపుతో సహా మీ జిల్లా ఎడిషన్‌లో వేయండి. గడువు తేదీ పెద్ద అక్షరాల్లో వేయండి. హన్మకొండ పేరు మళ్లీ రావాలని అడిగేవాళ్లలో నేనొకణ్ణి. వద్దనేవాళ్లకు వాళ్ల కారణాలుంటాయి, అవీ వేయండి.

ఇంకో విన్నపం. 1980 నుంచి మా ప్రెస్సులో అచ్చయిన ఎన్నికల కరపత్రాలు చాలావరకు ఒక్కో ప్రతి నా దగ్గరుంది. ఏ పార్టీదైనా తీసి దాచాను. అడుగున ముద్రాపకుల పేరు, చిరునామా ఉండాలన్నది చట్టం కాబట్టి ఏది ఎక్కడ అచ్చయిందో వాటి మీదే ఉంది. కొన్ని చెదలు పట్టడం మొదలైంది. జిల్లా గ్రంథాలయం గాని, విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం గాని తీసుకుంటామంటే పైసా అడగకుండా ఇచ్చేస్తాను. అవి నలుగురూ చూసే చోట ఉండాలి, అదొక్కటే నా షరతు. మీ విలేకరిని పంపిస్తే ముందు ఫొటోలు తీసుకోవచ్చు. సాయంత్రం పూట ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్,
కుమార్‌పల్లి, హనుమకొండ