చంపిందెవరో పోలీసులు చూసుకుంటారు, మిగతాది మీరు చెప్పాలి

కర్ణాటక మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కన్నడ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపాను. ఇదే తెలుగులో అందరికీ కనిపించేలా రాయడానికి కారణం, ఇది జరిగింది తెలుగువాళ్ళ లేబర్ షెడ్లలో. వాళ్ళకు చదివి వినిపించేవాళ్ళయినా ఉండాలి కదా.

బెంగళూరు శివారులో మా మెడికల్ షాపు వెనక ఒక పెద్ద అపార్ట్‌మెంటు లేస్తోంది. అక్కడి షెడ్లలో ఈ మధ్య ఆరేళ్ళ పాప చనిపోయింది. అనంతపురం వైపు నుంచి మేస్త్రీ వెంట బేల్దారి పనికి వచ్చిన కుటుంబం. తల్లి రెండోసారి చేసుకున్న మనిషిని పోలీసులు హత్య కేసులో అరెస్టు చేశారు. నేరం ఎవరిదో కోర్టు తేలుస్తుంది, అందులో నేను వేలు పెట్టను. నేను అడిగేది అంతకు ముందు సంగతి. ఆ పాప గురించిన ఫిర్యాదు అప్పటికే ప్రభుత్వం చేతిలో ఉంది. ఇచ్చింది నేనే.

పాప మా షాపుకు బర్నాల్ కోసం వచ్చేది, నోటు చిన్నగా మడిచి గుప్పిట్లో పట్టుకుని. ఒకసారి ముంజేతి మీద మూడు గీతలు కనిపించాయి. మూడూ ఒకే వెడల్పు, ఒకదాని పక్కన ఒకటి. నూనె చిందితే బొబ్బలు చుక్కలు చుక్కలుగా లేస్తాయి, గీత గీసినట్టు రావు. ఏమైంది పాపా అంటే, "పొయ్యి దగ్గర పడినా" అని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. తల్లిని అడిగితే "వేడిగుల్లలు సార్" అంది. మందులు అమ్ముకుని బతికేవాడికి వేడిగుల్లకూ వాతకూ తేడా తెలియదా! పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తారు, మర్యాదగా మాట్లాడారు, మనిషినీ పంపారు. ఈ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

వచ్చినావిడ కన్నడంలో అడిగారు. తల్లికి కన్నడం అంతంతమాత్రం. పాపకు అసలే రాదు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. మరి మధ్యలో మాట అందించిందెవరు? ఫిర్యాదు ఎవరి మీదో ఆయనే. ఇక్కడ చాలాకాలంగా ఉన్న మనిషి, కన్నడం బాగా వచ్చు. పక్క షెడ్డు ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. పాప "అవ్వ దగ్గరికి పోతా" అంటుంటే, "బయటికి పోయి ఆడుకుంటానంటోంది మేడం" అని ఆయన చెప్పాడట. అక్కడున్న తెలుగువాళ్ళందరికీ అది అబద్ధమని తెలుసు. ఆయన ముందు నోరెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆవిడ కాగితం నింపుకుని, తల్లికి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోయారు. కౌన్సెలింగ్ ఇచ్చాం, పాప కుటుంబంతోనే క్షేమంగా ఉంది అని నాకు ఫోన్లో చెప్పారు.

ఆవిడను సస్పెండ్ చేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. దయచేసి ఆ పని చేయకండి. జిల్లాల్లో ఈ పనిచేసేవాళ్ళు చాలావరకు కాంట్రాక్టు మనుషులు. పాపం జరిగిన ప్రతిసారీ కిందివాళ్ళలో ఒకరి మెడకు చుట్టి ఫైలు మూసేయడం మనకు అలవాటే.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో వచ్చింది. పిల్లల్ని బాలల గృహాల్లాంటి సంస్థల్లో పెట్టడం చిట్టచివరి మార్గంగా ఉండాలని దాని 3వ సెక్షన్ చెబుతుంది, మంచి మాటే. కానీ పిల్లల భద్రత గురించి, పిల్ల చెప్పేది వినాల్సిన బాధ్యత గురించి చెప్పిందీ అదే సెక్షన్. మొదటిది అందరికీ గుర్తుంటుంది, తక్కినవి ఎవరికీ గుర్తుకు రావు. కొట్టి, హింసించే మనిషి దగ్గర ఉంటున్న బిడ్డ కూడా రక్షణ అవసరమైన బిడ్డేనని 2వ సెక్షన్ స్పష్టంగా అంటుంది. అలాంటి బిడ్డను శిశు సంక్షేమ సమితి ముందు పెట్టాలి. అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉండే ఆ సమితికి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. మా పాప ఆ గడప దాకా వెళ్ళనే లేదు.

ఇంకో సంగతి. పిల్లల మీద లైంగిక దాడి గురించి తెలిస్తే, అలాంటి నేరాల కోసం పెట్టిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. ఇంట్లో పిల్లకు వాత పెట్టారని తెలిసిన టీచరుకో, నాలాంటి షాపువాడికో అలాంటి కట్టడి లేదు. చెబితే మంచివాడు, చెప్పకపోతే తనకెందుకొచ్చిన టెన్షన్ అనుకున్నవాడు, అంతే.

ఇక్కడ లండన్ సంగతి ఒకటి చెప్పాలి. విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పిల్ల, ఐవరీ కోస్ట్ నుంచి వచ్చింది, ఫ్రెంచి మాట్లాడే పిల్ల. బంధువు, ఆమె ప్రియుడు కలిసి హింసిస్తే 2000 ఫిబ్రవరిలో చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. అంతకు ముందు నాలుగు స్థానిక సంస్థల సామాజిక సేవా విభాగాలకు, పోలీసులకు, రెండు ఆస్పత్రులకు ఆ పిల్ల తెలుసు. ఒక ఆస్పత్రిలో గాయాలను గజ్జి అనుకున్నారు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. హంతకులకు శిక్ష పడ్డాక కూడా అక్కడి ప్రభుత్వం ఊరుకోలేదు. లార్డ్ లామింగ్ చేత విచారణ చేయించి 2003లో నివేదిక బయటపెట్టింది. పిల్లను కాపాడగలిగిన సందర్భాలు కనీసం 12 చేజారాయని అందులో ఉంది. దాన్నిబట్టి 2004లో చట్టం మార్చారు. అక్కడ అంతా బాగుపడిందని నేను అనను. విక్టోరియా ఉన్న లండన్‌లోని హారింగే ప్రాంతంలోనే 2007లో మరో పసివాడు ఇలాగే పోయాడు. మళ్ళీ సమీక్ష చేశారు, ఎక్కడ తప్పారో మళ్ళీ రాసుకున్నారు.

మనకు ఆ పని చేతకాదని కాదు. విరేచనాలతోనో న్యుమోనియాతోనో పసిబిడ్డ చనిపోతే ఇంటికెళ్ళి ఎప్పుడు జబ్బు చేసింది, ఎక్కడికి తీసుకెళ్ళారు, ఎక్కడ ఆలస్యమైంది అని ఆరా తీయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. జబ్బుతో పోయిన బిడ్డకు ఆ మాత్రం విచారణ ఉంది. ఫిర్యాదు వచ్చాక కూడా ఇంట్లో హత్యకు గురైన బిడ్డకు లేదు. పిల్లల హత్యలను దేశంలో నేరాల లెక్కలు చూసే ఎన్‌సీఆర్‌బీ ఏటా లెక్క వేస్తుంది. వాళ్ళలో ఎంతమంది గురించి ముందే ఎవరో ఒకరు ఫోన్ చేశారో అందులో కనబడదు.

ఇంటి సందర్శన రిపోర్టు కాపీ ఇమ్మని ఒక కార్యాలయంలో అడిగాను. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లల వివరాలు బయటపెట్టకూడదన్నారు. పాప పేరు నాకు అక్కర్లేదు మేడం, పాపతో ఎవరు ఏ భాషలో మాట్లాడారో చెప్పండి చాలు అన్నాను. మళ్ళీ అదే సెక్షన్ చెప్పారు. ఆ సెక్షన్ పెట్టింది పిల్లల గుర్తింపును కాపాడటానికి. దాన్ని ఫైలుకు దుప్పటిలా కప్పుతున్నారు.

కాబట్టి నా విన్నపం ఇది. హెల్ప్‌లైను, సమితి, అంగన్‌వాడీ, బడి, ఆస్పత్రి, వీటిలో ఎవరికైనా ముందే తెలిసిన బిడ్డ ఇంట్లో హత్యకు గురైతే, పోలీసు కేసుతో సంబంధం లేకుండా, గడువు పెట్టి సమీక్ష జరిపించండి. ఆ శాఖతో సంబంధం లేనివాళ్ళ చేత జరిపించండి. పేర్లు తీసేసి నివేదిక బయటపెట్టండి. ఫిర్యాదు ఎవరి మీద ఉందో వాళ్ళు దుబాసీగా ఉండకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఈ నగరంలో తెలుగు, తమిళం, హిందీ వచ్చినవాళ్ళు దొరకరా? మా షాపులో మందులు ఇచ్చే కుర్రాడికే నాలుగు భాషలు వచ్చు.

ఆఖరుగా, తొందరగా చూడాల్సింది ఒకటుంది. ఆ పాపకు మూడేళ్ళ తమ్ముడున్నాడు. ఇప్పుడు ఒక బాలల గృహంలో పెట్టారని షెడ్లవాళ్ళు చెబుతున్నారు. ఊళ్ళో ఉన్న అవ్వ వాడిని తనకివ్వమని అడుగుతోంది. ఆమెకు సంతకం చేయడం రాదు, కన్నడం రాదు, బెంగళూరు బస్సు దిగితే ఎటు పోవాలో తెలియదు. వాడి సంగతి సమితి ముందుకు వచ్చే రోజున తెలుగు వచ్చిన మనిషిని ఒకరిని అక్కడ కూర్చోబెట్టండి.

ఇట్లు,
లేబర్ షెడ్ల ముందు మెడికల్ షాపు నడుపుకునే ఒక తెలుగువాడు,
బెంగళూరు